పైపాట నాది, కిందిపాట చిన్నాన్నది

పోయిన నెలలో కొండాపూర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లనని మొండికేశాను. నా చెవులకేం, నిక్షేపంలా ఉన్నాయి, మీరే నోట్లో నోట్లో మాట్లాడుకుంటున్నారు అని మా అమ్మాయి మీద ఎగిరాను. కుక్కరు మూడు కూతలు కూస్తే నేను ఒక్కటే విన్నానని అది నాతో పోట్లాడి, ఆఫీసుకి సెలవు పెట్టి మరీ లాక్కెళ్లింది. గాజు తలుపు గదిలో కూర్చోబెట్టి చెవులకి పెద్ద డిప్పలు తగిలించారు. చప్పుడు వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. బయటికొచ్చాక అక్కడి అమ్మాయి కాగితం మీద ఒక గీత చూపించింది. ఎడమవైపు తిన్నగానే ఉన్న గీత, కుడివైపుకి పోయేకొద్దీ కిందికి జారిపోయింది. "హై ఫ్రీక్వెన్సీస్ బాగా తగ్గిపోయాయి మేడమ్. పక్షుల సౌండ్, వయొలిన్, చిన్నపిల్లల మాటలు, ఇవి ఫస్ట్ పోతాయి. లో సైడ్ మాత్రం ఆల్మోస్ట్ నార్మల్. డ్రమ్స్, బేస్ అవన్నీ మీకు ఫుల్‌గా వినబడతాయి" అంది నవ్వుతూ. పైవి పోయాయి, కిందివి మిగిలాయి. ఈ మాట నేను ఇంతకుముందే విన్నాను, మా చిన్నాన్న నోటి నుంచి. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, కారులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నాకు కోపం వచ్చిందనుకుంది మా అమ్మాయి.

మేముండేది కోకాపేటలో, పంతొమ్మిదో అంతస్తు. ఆ శనివారం సాయంత్రం కింద క్లబ్‌హౌస్‌లో ఎవరిదో పుట్టినరోజు. పాటలు మొదలయ్యాయి. మా దాకా వచ్చేసరికి కిందిచప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. విసుక్కుంటూ బాల్కనీ తలుపు వెయ్యబోయి ఆగిపోయాను. ఆ దెబ్బ నాకు తెలుసు. మొదటిది గట్టిగా, ఆ తర్వాత కాస్త ఖాళీ, ఖాళీ చివర రెండు చిన్న అడుగులు, మళ్లీ దెబ్బ. యాభై ఏళ్ల కిందటి పాట. పాడేవాడి గొంతు లేదు, బూరాలు లేవు. రెయిలింగ్ మీద అరచెయ్యి పెడితే సన్నగా వణుకుతోంది. ఓహో, చిన్నాన్న విన్నది ఇదన్నమాట అనుకున్నాను. పక్కనే ఆయన నిలబడి, "ఇప్పుడు పైన ఏమవుతోందే చిట్టీ?" అని అడుగుతున్నట్టే ఉంది. పైన ఏమవుతోందో నాకూ తెలియడం లేదు.

అప్పట్లో మేము బాలానగర్‌లో నర్సమ్మ గారింట్లో వెనక వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చిన సంసారం. నాన్న సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆయన తమ్ముడు, మా సూర్యం చిన్నాన్న, రోడ్డవతల ఒక కార్ఖానాలో పవర్ ప్రెస్సు మీద పనిచేసేవాడు. ఇనుప రేకు పెట్టడం, పెడల్ తొక్కడం, పైనుంచి ప్రెస్సు ధన్‌మని దిగి రేకుని కోయడం, ముక్క తీసి మళ్లీ రేకు పెట్టడం. రోజంతా అదే. చెవుల్లో దూది తప్ప అడ్డం ఏమీ ఉండేది కాదు. మా ఇంటికి గడియారం ఆ కార్ఖానా సైరనే. పొద్దుటి సైరనుకి నాయనమ్మ కాఫీ డికాక్షన్ తీసేది, సాయంత్రం సైరనుకి అమ్మ పొయ్యి మీద నీళ్లు కాచేది. చిన్నాన్న కంటే ముందు ఆయన వాసన గుమ్మంలోకి వచ్చేది, నూనే, కాలిన ఇనుమూ, చెమటా కలిసిపోయి. ఆ చొక్కాలు మిగతా బట్టల్లో కలిపితే నాయనమ్మ ఒప్పుకునేది కాదు. విడిగా బకెట్లో చాకలిసోడా వేసి నానబెట్టి, తిడుతూ తిడుతూ ఆవిడే ఉతికేది. ఇప్పటికీ ఏ మెకానిక్ షెడ్డు ముందు నుంచి వెళ్లినా నా నడక నెమ్మదిస్తుంది.

పాటల పెట్టె సంగతి చెప్పాలి. సికింద్రాబాదులో ఒక ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్ ఉద్యోగం అయిపోయి, ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఇంట్లో సామానంతా అమ్మేశాడు. చిన్నాన్న ఇస్త్రీపెట్టె కొంటానని వెళ్లి, సూట్‌కేసులాంటి రికార్డ్ ప్లేయరూ, అట్టపెట్టెడు ఇంగ్లీషు రికార్డులూ రిక్షాలో వేసుకొచ్చాడు. "ఇస్త్రీపెట్టె ఏదిరా?" అంది నాయనమ్మ. "ఎవరో ముందే పట్టుకుపోయారమ్మా" అన్నాడు, బొత్తిగా సిగ్గులేకుండా. ఆ ప్లేయర్ మూతలో ఉన్న చిన్న స్పీకరు ఆయనకి ఆనలేదు. కార్ఖానాలో పారేసిన ప్యాకింగ్ చెక్కలు తెచ్చి, నా నడుమంత ఎత్తు స్పీకరు పెట్టె తనే చేశాడు. మేకులు కొట్టిన ఆదివారం ఇంట్లో ఎవరికీ మధ్యాహ్నం నిద్ర లేదు.

ఆ అట్టల మీది పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. వాళ్లంతా అమెరికాలో నల్లవాళ్ల సంగీతాన్ని మలుపు తిప్పిన మహానుభావులనీ, ప్రపంచమంతా ఇప్పుడు గంతులేస్తున్న పాటలన్నీ వాళ్ల దగ్గర పుట్టినవేననీ నాకు చాలా ఏళ్లకి తెలిసింది. అసలు పేర్లూ నేర్చుకున్నాను. ఇక్కడ రాయను. మా ఇంట్లో వాళ్లకి మేం పెట్టిన పేర్లే ఉండేవి. ఒకాయన రొప్పులాయన. ఆయన పాడడం తక్కువ, అరవడం, రొప్పడం, మూలగడం ఎక్కువ. "పాపం ఉబ్బసంరా వాడికి. వైద్యం చేయించకుండా పాడిస్తున్నారు" అని నాయనమ్మ జాలిపడేది. ఆయన వెనక పదిమంది వాయిద్యాలవాళ్లు, మొదటి దెబ్బ దగ్గర మాత్రం పదిమందీ ఒక్కసారి పడతారు. ఆ తర్వాత తలోదారి, మళ్లీ మొదటి దెబ్బకి అందరూ హాజరు. "చూశావా, కొట్టింది కాదే గొప్ప, మధ్యలో వదిలేసింది గొప్ప. ప్రెస్సు కూడా అంతే. దిగినప్పుడు మనకేం పని లేదు. లేచినప్పుడే రేకు పెట్టాలి, ముక్క తీయాలి, చెయ్యి కాపాడుకోవాలి. ఈయనెవడో గాని ప్రెస్సు మీద పనిచేసినవాడే" అనేవాడు చిన్నాన్న. ఇంకొకాయన బొటనవేలాయన. అట్ట మీద ఫొటోలో గిటారు తీగని బొటనవేలితో కొడుతూ కనబడేవాడు. ఆ దెబ్బకి మా స్పీకరు పెట్టె మీది రాగిచెంబు జరుక్కుంటూ అంచుదాకా వెళ్లేది. తర్వాత్తర్వాత పాత రికార్డుల కొట్టు నుంచి డిస్కోలు వచ్చాయి. వాటిలో డోలు ఎక్కడా ఆగదు, సైరన్ మోగేదాకా నడిచే షిఫ్టులా. దాని మీద నిట్టూర్పులావిడ కళ్లు అరమోడ్చి ఏదో గుసగుసలాడేది. ఆవిడ ఫొటో ఉన్న అట్టని నాయనమ్మ జాకెట్టు గుడ్డతో కప్పి పెట్టేది.

చిన్నాన్నకి ఇంగ్లీషు పిచ్చి పట్టిందని ఇంట్లో అందరూ దిగులుపడ్డారు. అంతకుముందు నాయనమ్మ పక్కన కూర్చుని రేడియోలో కీర్తనలు వినే మనిషి, ఉన్నట్టుండి రేడియో పెడితే లేచిపోవడం మొదలెట్టాడు. అసలు సంగతి నాకు తెలిసింది ఒక సాయంత్రం. ఆయన నాకు వీపు పెట్టి కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. "చిన్నాన్నా, కాఫీ" అన్నాను. పలకలేదు. మళ్లీ అన్నాను. గ్లాసు కింద పెట్టి వెనకనుంచి చిటికెలు వేశాను. ఉలకలేదు. వేళాకోళం ఆడుతున్నాడనుకుని పకపకా నవ్వాను. బూట్లు మూల పెట్టడానికి అప్పుడు వెనక్కి తిరిగాడు. నా మొహంలో ఏం కనబడిందో, తలుపు దగ్గరికి వేసొచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "పైవి పోయాయే చిట్టీ. పిట్టలు లేవు, మీ అమ్మ గాజులు లేవు, సైకిలు బెల్లు లేదు. ఆడవాళ్ల మాట పెదాలు చూస్తే తెలుస్తుంది. కిందివి మాత్రం మిగిలాయి. ఈ పాటల్లో అడుగున ఏదో నడుస్తుంటుంది చూడు, అదొక్కటే నాకు నిండుగా వినబడేది. మన పాటలు పెడితే ఏముంది, గాలి." కార్ఖానాలో తెలిస్తే ప్రెస్సు మీంచి తీసేస్తారు. బయట తెలిస్తే పిల్లనెవరూ ఇవ్వరు. "నా మీద ఒట్టు, ఎవరికీ చెప్పకు" అని నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. నాకు పదమూడేళ్లు. అంత పెద్ద సంగతి నాతో అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఇక ఆ రోజు నుంచి సాయంత్రాలన్నీ మావే. రికార్డు మీద ముల్లు పెట్టేది నేను. ఆయన స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు, నేను ఎదురుగా. పైన ఏమవుతోందో చెప్పడం నా పని. బూరాలొస్తే బుగ్గలు పూరించేదాన్ని. వయొలిన్లు లేస్తే చేతులు పైకెత్తేదాన్ని. ముగ్గురు ఆడవాళ్లు కలిసి అందుకుంటే మూడు వేళ్లు చూపించి, వాళ్లు ఎంత ఎత్తుకి వెళ్లారో అంత ఎత్తుకి లేపేదాన్ని. ఆయన తల పంకించేవాడు. పైపాట నాది, కిందిపాట ఆయనది, ఇద్దరం కలిస్తే ఒక పాట. ముందు వాటాలోంచి నర్సమ్మ గారు కేకేసేది. "ఏంది సూర్యం గిది! గోడ తాకుల మీది గిన్నెలు ఎగిరెగిరి పడుతున్నయ్. జర తక్కువ చెయ్యరాదు?" నేను ఆ కేక కూడా చేతులతో చెప్పేదాన్ని, ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ ఇంట్లో నా మాట లెక్కచేసేవాళ్లు ఎవరూ లేరు. ఒక మనిషికి మాత్రం నా చెవులు కావాలి. నేను ఎంత మిడిసిపడ్డానో చెప్పలేను.

అలా ఉండగా హఫీజ్‌పేట నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు కామేశ్వరి. వాళ్ల నాన్నగారు రైల్వేలో పనిచేస్తారు, మా వైపువాళ్లే. చిన్నాన్న ఫొటో చూశాడు. చూసి దాన్ని క్యాలెండరు వెనక పెట్టుకున్నాడు, పొద్దున్నా సాయంత్రం క్యాలెండరు సర్దడం మొదలెట్టాడు. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. నాయనమ్మ నవ్వుకుంటూ, కోడలొస్తే ఆ గది వాళ్లిద్దరికీ, పాటల పెట్టె అటక మీదికి అంది. అది నేను తట్టుకున్నాను. తట్టుకోలేనిది చిన్నాన్న అన్న మాట. "ఆ అమ్మాయి సంగీతం నేర్చుకుందట చిట్టీ! ఇంక పైపాట చెప్పే పని ఆవిడకి అప్పజెప్పేద్దాం. నీ చదువు నువ్వు చదువుకో." నా నెత్తి మీంచి బరువు దించుతున్నాననుకున్నాడు, పిచ్చి మారాజు.

పెళ్లిచూపుల్లో అమ్మాయి చేత పాట పాడించడం అప్పట్లో తప్పని తంతు. చిన్నాన్న ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. "నువ్వు నా పక్కనే కూర్చో. పాట పూర్తవగానే చొక్కా అంచు లాగు, నేను బాగుందంటాను. తర్వాత ఆ అమ్మాయితో రెండు నిమిషాలు మాట్లాడతానని అడిగి, నా సంగతి నేనే చెప్పేస్తాను. దాచి పెళ్లి చేసుకోను. కాకపోతే ముందు నన్ను అందరిలాంటి మనిషిగా ఒక్కసారి చూడనీ. అంతే నాక్కావాల్సింది" అన్నాడు. సనత్‌నగర్‌లో పాసింజరు ఎక్కాం. అటు పోతుంటే రెండు పక్కలా బండలు, సీతాఫలం పొదలు, మేకలు. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు చూడ్డానికి ఏమీ ఉండేది కాదు. చిన్నాన్న కిటికీ దగ్గర కూర్చుని, చొక్కా నలగకుండా వీపు ఆనించకుండా వచ్చాడు.

రైల్వే క్వార్టరులో ముందుగది, తివాచీ, కేసరి, బజ్జీలు. కామేశ్వరి వచ్చి కూర్చుంది. ఫొటోలో కంటే బాగుంది, అది కూడా నాకు కోపమే తెప్పించింది. వాళ్లమ్మగారు "ఒక పాట పాడమ్మా" అన్నారు. పాడింది. చిన్నాన్న ఆమె పెదాల మీదే చూపు నిలిపి, పాఠం వింటున్న పిల్లాడిలా కూర్చున్నాడు. పల్లవి అయింది. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. చరణం ఉందని నాకు తెలుసు, ఆ మాత్రం తెలియని ఇల్లు కాదు మాది. ఆమె మళ్లీ పెదవి విప్పి మొదటి మాట అందుకుంది. అప్పుడు లాగాను చొక్కా. "బాగుందండీ! చాలా బాగుంది!" అన్నాడు చిన్నాన్న. చెవులు పోయినవాళ్లకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, గదంతా మోగింది. ఆమె సగం మాట దగ్గర ఆగిపోయింది. "ఇంకా చరణాలున్నాయండి" అన్నారు వాళ్ల నాన్నగారు తల వంచుకుని. తల వంచుకున్న మనిషి పెదాలు కనబడవు. చిన్నాన్న అటు చూసి, "చాలా బాగుందండీ" అని మళ్లీ అన్నాడు, నవ్వుతూ. కామేశ్వరి లేచి లోపలికి వెళ్లిపోయింది. రెండు నిమిషాలు మాట్లాడతానని చిన్నాన్న అడగడానికి ఆమె మళ్లీ బయటికి రాలేదు.

తిరుగు రైల్లో నాయనమ్మ దులిపేసింది. "పిల్ల పాట పూర్తిచేసేదాకా ఆగలేవురా? ఆ కుప్పిగంతుల పాటలు విని విని నీ మతి కూడా అలాగే అయింది" అంది. పాపం రొప్పులాయన, బొటనవేలాయన, వాళ్ల మీద పడింది నా పాపం. నాయనమ్మ కునుకు తీశాక చిన్నాన్న నా వైపు వంగి అన్నాడు. "పెదాలు కదులుతూనే ఉన్నాయి చిట్టీ. నాకు కనబడింది. కానీ నువ్వు లాగావు కదా, నా కళ్లదే పొరపాటనుకున్నా." ఆయనే మళ్లీ, "మధ్యలో ఆగేసరికి అయిపోయిందనుకున్నావు. పోనీలే, చిన్నపిల్లవి" అన్నాడు. చెప్పడానికి అదే సమయం. వెనక్కి వెళ్లి చెప్పుకుంటే వాళ్లు వినేవాళ్లేమో, ఆమె వినేదేమో. నేను "అవును చిన్నాన్నా" అన్నాను. చొక్కా లాగింది పిల్లచేష్ట అనుకున్నా, ఈ "అవును" మాత్రం తెలిసి చేసిన ద్రోహం. మూడోరోజు మధ్యవర్తి కబురు తెచ్చాడు. పాట పూర్తయ్యేదాకా ఓపిక పట్టలేని అబ్బాయి సంసారమేం చేస్తాడు అన్నారట.

చిన్నాన్న ఇంకే సంబంధానికీ ఒప్పుకోలేదు. సాయంత్రాలు నాకే మిగిలాయి. నేను కోరుకున్నది అదే కదా! చేతులెత్తి వయొలిన్లు చూపిస్తుంటే చేతులు బరువెక్కేవి. కొన్నాళ్లకి కార్ఖానాలో సంగతి బయటపడి ఆయన్ని స్టోరుకి మార్చారు. మరి కొన్నాళ్లకి, ఒకరోజు రొప్పులాయన రికార్డు పెట్టాను, చెంబు అంచుదాకా వచ్చేసింది, నర్సమ్మ గారు కొట్లాడ్డానికి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చిన్నాన్న ఇంకా పెట్టె మీద చెయ్యి పెట్టకుండానే, నా మొహంలోకి చూసి, "ముల్లు పెట్టావా?" అని అడిగాడు. కిందివి కూడా పోయాయి. నర్సమ్మ గారు గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయింది. మర్నాడు నల్లా దగ్గర నన్ను పట్టుకుంది. "మా ఆయన గూడ గా ప్రెస్సుల్నే చేసిండు. నాకెర్క లేదా బిడ్డా? ఇగ ఎంత గట్టిగన్న పెట్టుకోండ్రి, నేనేమనను" అంది. ఆ తర్వాత మేం పెట్టలేదు.

ఇప్పుడు నా చెవికి ఒక చిన్న మిషన్ ఇచ్చారు, బఠాణీ గింజంత ఉంటుంది. పెట్టుకుంటే కుక్కరు మూడు కూతలూ వినబడతాయి. మా అమ్మాయి తన ఆఫీసు మీటింగులో నాకు మిషన్ వచ్చిందని పదిమందికీ చెప్పింది, అందరూ కంగ్రాట్స్ అన్నారట! ఆ రోజుల్లో చెవుడంటే పరువు తక్కువ, పెళ్లికి అడ్డం. ఆ సంగతి దాచడానికి ఒక మనిషి పదమూడేళ్ల పిల్లని నమ్ముకోవాల్సి వచ్చింది. ఈ కాలంలో పుట్టి ఉంటే ఆయనకి నాతో పనే ఉండేది కాదు. అప్పుడు నేను ఈ పాపమూ చేసేదాన్ని కాదు, ఆ సాయంత్రాలూ నాకు ఉండేవి కావు. ఏది నయమో నాకు తేలలేదు. మిషన్ తీసి డబ్బాలో పెట్టి కూర్చుంటాను ఒక్కోసారి. మా అమ్మాయికి చిర్రెత్తుకొస్తుంది.

చిన్నాన్న పోవడానికి ముందు ఎండాకాలం మా ఇంట్లోనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, నా మొహం మీద వెలుతురు పడేలా కిటికీకెదురుగా, ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పెదాలు స్పష్టంగా కదుపుతూ చెప్పాను. "హఫీజ్‌పేటలో ఆ రోజు నేను కావాలనే లాగాను చిన్నాన్నా. పాట ఇంకా ఉందని నాకు తెలుసు." ఆయన మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. "ఎందుకే?" అన్నాడు. "ఆవిడొస్తే నువ్వు నాతో పాటలు వినవని." ఆయన చెయ్యి చాపి నా తల మీద ఒక్కటి మొట్టాడు, చిన్నప్పుడు మొట్టినట్టే. "ఓసి పిచ్చిదానా. ఇన్నేళ్లూ ఇది మోసుకు తిరిగావా? పదమూడేళ్ల దానివి, నీకేం తెలుసు, పోనీ" అన్నాడు. భోరుమని ఏడ్చాను. గుండెల మీంచి బండ దిగిపోయిందనుకున్నాను. ఏడుపు అయ్యేదాకా ఆగి, చొక్కా సర్దుకుని, కాస్త సిగ్గుపడుతూ అడిగాడు. "అయితే ఒకటి చెప్పు. అడిగితే నువ్వు నొచ్చుకుంటావని ఇన్నాళ్లూ ఊరుకున్నా. ఆ అమ్మాయి గొంతు ఎలా ఉండేదే?"

నోరు తెరిచాను. సన్ననిదా, నిండైనదా, ఏ పాట పాడింది, ఏమీ తట్టలేదు. ఆ పల్లవి ఎంతసేపు సాగిందో అంతసేపూ నేను ఆమె ఎక్కడ ఆగుతుందా అని కాచుకుని కూర్చున్నాను. ఆ గదిలో ఆయన కోసం వినడానికి వెళ్లింది నేనొక్కదాన్నే. బాగుండేదని ఒక అబద్ధం చెబుదామనుకున్నాను, కానీ ఆ కళ్లు నా పెదాల మీదే ఉన్నాయి. "నేను వినలేదు చిన్నాన్నా" అన్నాను. ఆయన కోప్పడలేదు. తల ఆడించి, దిండు మీదికి వాలి, కళ్లు మూసుకున్నాడు. కళ్లు మూసుకున్నాక ఆయనకి ఏదైనా చెప్పే దారి లేదు. అయినా ఎండ తిరిగేదాకా అక్కడే కూర్చుని చెబుతూనే ఉన్నాను.